తల ముట్టుకోని వారం

ఆ దేశంలో పిల్లల తల మీద చెయ్యి వెయ్యకూడదని మొదటి రోజే చెప్పారు. మిగతావాళ్ళు అది రాసుకుని పేజీ తిప్పేశారు. నేను రాసుకోలేదు. నా కుడిచేతిని చున్నీ కింద దాచుకుని కూర్చున్నాను.

మాది నరసరావుపేట. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, బీఈడీ చేసి, ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి పాఠాలు చెప్పాను. థాయిలాండ్‌లో ఒక బడికి ఇంగ్లీషు టీచర్లు కావాలని తెలిసినవాళ్ళు చెబితే ఫోన్‌లో ఇంటర్వ్యూ ఇచ్చాను. తీసుకున్నారు. వెళ్ళేముందు ఒక వారం ట్రైనింగ్ అన్నారు. అది మా ఊళ్ళోనే, సెలవులకి ఖాళీగా ఉన్న ఒక స్కూలు మేడ మీద గదిలో పెట్టారు. ఆఖరి రోజు నిజం పిల్లల ముందు డెమో క్లాసు చెప్పాలి. అది బాగుంటేనే టికెట్టు. ఇంకో షరతు కూడా ఉంది. మొదటి టర్ము అయ్యేదాకా కుటుంబాన్ని తీసుకెళ్ళడానికి లేదు. అంటే మూడేళ్ళు నిండిన మా పాప అన్ని నెలలూ నేను లేకుండా మా ఆయన దగ్గర, మా అత్తయ్య దగ్గర ఉండాలి.

నన్నెవరూ పొమ్మనలేదు. ఇల్లు గడవకా కాదు. నేనే వెళ్తానన్నాను. నాకు వెళ్ళాలని ఉంది. ఇంకో దేశంలో ఒక తరగతి గది, అందులో నేను నిలబడి ఉండటం, అది తల్చుకుంటూ అద్దం ముందు నిలబడి నాకు నేనే గుడ్ మార్నింగ్ చెప్పుకునేదాన్ని. భయం అంత ఎక్కువగా ఉండటానికి అదే కారణమేమో. వేరేవాళ్ళు బలవంతాన పంపిస్తే, ఏదైనా జరిగినప్పుడు వాళ్ళని తిట్టుకోవచ్చు. నాకు ఆ వీలు కూడా లేదు.

నా చెయ్యి సంగతి చెప్పాలి.

పాపకి ఏడాదిన్నర ఉన్నప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చాయి. మా ఆయన విత్తనాల కంపెనీలో చేస్తారు, వారంలో సగం రోజులు ఊళ్ళ మీదే. ఆ రోజు బొల్లాపల్లి వైపు వెళ్ళారు. అత్తయ్య ఎవరిదో పెళ్ళికని శావల్యాపురం వెళ్ళారు. పొద్దున్న ఆడుకున్న పిల్ల మధ్యాహ్నం నిద్రపోయింది. రోజూకంటే ఎక్కువసేపు పడుకుంది, మంచిదే, పని తెముల్తుందని నేను వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతున్నాను. వెళ్ళి చూసేసరికి కళ్ళు తేలేసి, చేతులు కొట్టుకుంటూ, మూతి పక్కన నురగతో ఉంది. ఎత్తుకుంటే ఒళ్ళు పెనంలా కాలింది. చెప్పుల్లేకుండా రోడ్డు మీదకి పరిగెత్తాను. ఒక ఆటో అతను నన్నేమీ అడక్కుండా ఆస్పత్రికి పోనిచ్చాడు. దారిలోనే కొట్టుకోవడం ఆగిపోయింది. ఆగిపోయిందంటే ఏం ఆగిపోయిందో తెలియక నేను అరిచిన అరుపు ఇప్పటికీ నాకు వినపడుతుంది.

చాలామంది పిల్లలకి ఇలా వస్తుందని, ఐదారేళ్ళు వస్తే దానంతట అదే పోతుందని డాక్టరుగారు చెప్పారు. "జ్వరం మొదట్లోనే కనిపెట్టండమ్మా. అంతే" అన్నారు.

అప్పట్నుంచీ నా చెయ్యి నా మాట వినడం మానేసింది. ఏ పిల్ల పక్కన నిలబడినా తల మీదకి పోతుంది, నుదుటి మీదకి జారుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది. మా పాప అనే కాదు. స్కూల్లో పిల్లలు, పక్కింటి పిల్లలు, రైతుబజార్లో కూరలమ్మే ఆవిడ ఒళ్ళో పిల్ల, అందరి మీదకీ. స్కూల్లో నన్ను ప్రేమ ఎక్కువున్న మేడం అనేవాళ్ళు. అది ప్రేమ కాదు, జ్వరం చూసుకోవడం.

ట్రైనింగ్ ఇచ్చిన మేడంది కృష్ణ అవతల, మిర్యాలగూడ దగ్గర. థాయిలాండ్‌లో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి వచ్చారు. గదిలో తెలుగు ముక్క మాట్లాడనిచ్చేవారు కాదు, ఆవిడా మాట్లాడేవారు కాదు. అక్కడి పిల్లలకి తెలుగు రాదు, మనకి వాళ్ళ భాష రాదు, ఇంగ్లీషు వాళ్ళకింకా రాలేదు. కాబట్టి మొహంతో, చేతులతో, బొమ్మలతో చెప్పాలి. వేలు పెట్టి పిల్లల్ని చూపించకూడదు, అరచెయ్యి తెరిచి చూపించాలి. కాలితో దేన్నీ జరపకూడదు. ఇంకో మాట కూడా చెప్పారు. అర్థమైందా అని ఎప్పుడూ అడగొద్దు. పిల్లలకి అన్నిటికంటే తేలికైన జవాబు 'ఎస్'. దాన్ని నమ్మొద్దు. చేసి చూపించమనండి, అప్పుడు తెలుస్తుంది.

మేమందరం నవ్వుకున్నాం. మన పిల్లలు ఏమడిగినా గొంతు కలిపి ఎస్ మేడం అనడం మాకు తెలీనిదా?

ట్రైనింగుకి వచ్చిన కొద్దిమందిలో నా పక్క కుర్చీ మాచర్ల అమ్మాయిది. రోజూ బస్సులో వచ్చేది. పెళ్ళి కాలేదు. భయమంటే ఏంటో తెలియదు. "వెళ్తే వెళ్తా, నచ్చకపోతే తిరిగొస్తా, ఏముందక్కా" అనేది. ఆ మాటకి నేను ఆ అమ్మాయి వంక నోరు తెరుచుకుని చూసేదాన్ని.

మాలో ఒకరు టీచరు, మిగతావాళ్ళు పిల్లలుగా నటించి పాఠం చెప్పడం అభ్యాసం. నా వంతు వచ్చినప్పుడు మాచర్ల అమ్మాయి నాలుగేళ్ళ పిల్లలా బెంచీ మీద కాళ్ళూపుతూ కూర్చుంది. ప్లాస్టిక్ మామిడిపండు చూపించి ఇదేమిటని అడిగితే ముద్దుముద్దుగా చెప్పింది. నా చెయ్యి వెళ్ళి ఆమె తల నిమిరింది. అక్కడితో ఆగలేదు. రెండు చేతులూ ఆమె చెంపల మీదుగా తిప్పి, నా కణతలకి ఆనించుకుని, మెటికలు విరిచాను.

గది గదంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. అక్కడివాళ్ళకి తల అంటే చాలా పవిత్రమని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. పరాయి మనిషి చెయ్యి బిడ్డ తల మీద పడితే, ఎంత ముద్దుగా వేసిందో ఆ తల్లికి తెలియదు, వేసిందన్నదే తెలుస్తుంది. డెమోలో ఒక్కసారి ఇది కనిపించినా నిన్ను పంపలేను అన్నారు. చెప్పిన తీరులో కోపం లేదు. అందుకే బతిమాలుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

టీకి కిందికి దిగాక మాచర్ల అమ్మాయి నన్ను వదల్లేదు.

"నాకు దిష్టి తీశావు, బానే ఉంది. మరి మేడం కళ్ళల్లో పడ్డావు, నీకెవరు తీస్తారక్కా?"

"నవ్వమాక. నా చెయ్యి ఆగట్లేదే."

"ఆగకపోతే కట్టేసుకో."

మర్నాటినుంచి చేతులు వెనక్కి కట్టుకుని పాఠం చెప్పాను. "ఏందక్కా ఇది" అంది ఆ అమ్మాయి, మేడం అటు తిరిగినప్పుడు. "దొంగను పట్టుకొచ్చి స్టేషన్లో నిలబెట్టినట్టున్నావు. చేతులు ముందుకి తే."

"తెస్తే పోతన్నాయి."

"ఎక్కడికి?"

"తలల మీదకి."

"అయితే నీ తలే పట్టుకో. దేశం కాని దేశంలో అదన్నా జాగర్తగా ఉంటది."

నవ్వాను గానీ ఆ వారమంతా నాకు అన్నం సరిగ్గా దిగలేదు. విమానం ఎక్కడం, ఇమ్మిగ్రేషన్‌లో మాట్లాడటం, ఒంటరిగా గది అద్దెకి తీసుకోవడం, వీటన్నిటికీ భయమేసేది. కానీ అవన్నీ పైపై భయాలు. వాటిని ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడితే అడుగున ఒకటే ఉండేది. నేను అక్కడ ఉండగా పాపకి ఇక్కడ జ్వరం వస్తే? మొదట్లోనే ఎవరు కనిపెడతారు? రోజూ వీడియో కాల్ చేస్తాం కదా అనేవారు మా ఆయన. వీడియోలో అన్నీ కనపడతాయి. వేడి కనపడదు.

ఒకరోజు సాయంత్రం ట్రైనింగు నుంచి రాగానే ఆయనకి పరీక్ష పెట్టాను. పాప గుమ్మం దగ్గర బకెట్లో నీళ్ళతో ఆడుతోంది.

"పాప ఒళ్ళు కాస్త వేడిగా ఉందేమో, చూడండి."

ఆయన ఫోన్లోంచి తలెత్తి చూశారు. "బానే ఉంది."

"ముట్టుకోకుండానే?"

"ఆడుకుంటంది గదా."

"ఆ రోజు పొద్దున కూడా ఆడుకుంది."

ఆ మాటకి ఆయన లేచారు. పాప పక్కన కూర్చుని నుదుటి మీద చెయ్యి పెట్టారు. తీసి తన మెడ మీద పెట్టుకున్నారు. మళ్ళీ పాప నుదుటి మీద పెట్టారు. చాలాసేపు చూసి, "నిజం చెప్పనా? నాకు తెలవట్లా" అన్నారు. "నా చెయ్యే వేడిగా ఉన్నట్టుంది."

అబద్ధం చెప్పి ఉంటే ఆయనతో పోట్లాడేదాన్ని. నిజం చెప్పారు కాబట్టి ఏం చెయ్యాలో తెలియక పాప ఫ్రాకు మార్చాను.

తర్వాత అత్తయ్యని అడిగాను. అత్తయ్యది ఈపూరు. పెళ్ళయిన దగ్గర్నుంచి మొన్నమొన్నటిదాకా సొంత చేలోనూ, చుట్టుపక్కల చేలల్లోనూ మిరపకాయలు కోసిన మనిషి. పాప పుట్టాక పని మాని మా దగ్గరికి వచ్చారు. అరచేతులు మాత్రం ఇంకా చేలోనే ఉన్నట్టుంటాయి, గరుగ్గా, గీతల నిండా నలుపుతో. ఆవిడ పాపని దగ్గరకి లాక్కుని, ఫ్రాకు పైకెత్తి, మోచెయ్యి మడిచి పొట్టకి ఆనించారు. పశువుని అదిలించినట్టు ఒక్క పోటు. "ఏం లేదు దీనికి, పో" అన్నారు.

"చెయ్యి పెట్టి చూడండి అత్తయ్యా."

"చూశా గదే."

"మోచెయ్యి కాదు, చెయ్యి."

"ఏ చెయ్యైతే ఏందే? లేదంటన్నా గదా."

ఒళ్ళు మండిపోయింది నాకు. పిల్లంటే పరాచికమా? ఆ సాయంత్రమే మందుల షాపుకి వెళ్ళి డిజిటల్ థర్మామీటరు తెచ్చాను. ఎలా పెట్టాలో, ఎంత దాటితే సిరప్ వెయ్యాలో, ఎంత దాటితే ఆస్పత్రికి వెళ్ళాలో అత్తయ్యకి చూపించాను. ఆవిడ దాన్ని దూరం పెట్టి చూశారు, దగ్గర పెట్టి చూశారు. "ఈ అంకెలు నాకు ఆనట్లా" అన్నారు. కళ్ళజోడు తెచ్చిచ్చాను. ఈలోపు అది ఆఫ్ అయిపోయింది. "పిల్లకి జరం వస్తే ముందు దీనికి వైజ్జం చెయ్యాల్సొచ్చేట్టుంది" అని నవ్వారు. నేను నవ్వలేదు. ఈవిడకి నా భయం అర్థం కాదు అనుకున్నాను. ఈ ఇద్దరి చేతుల్లో నా బిడ్డని పెట్టి వెళ్తున్నానా అనుకున్నాను.

అయినా ట్రైనింగ్ మానలేదు. అదే నాకు అర్థంకాని సంగతి. పొద్దున్నే లేచి, జడ వేసుకుని, బాక్సు సర్దుకుని, ఆ మెట్లెక్కి వెళ్ళి కూర్చునేదాన్ని.

చేతిని మాలిమి చెయ్యడానికి ఇంట్లో పాపతో బడి ఆట ఆడాను. పాపని పీట మీద కూర్చోబెట్టి బొమ్మలు చూపించి, సరిగ్గా చెప్పినప్పుడల్లా చెయ్యి తల దాకా తీసుకెళ్ళి ఆపేదాన్ని. ఆపి, అరచెయ్యి తెరిచి గాల్లో చూపేదాన్ని. పాపకి అది భలే ఆటయింది. నా చెయ్యి రాగానే తల వంచేసి తప్పించుకుని కిలకిలా నవ్వేది. మళ్ళీ, మళ్ళీ అనేది.

వారం సగం గడిచాక ఒకరోజు పొద్దున పాప స్నానం చేసి, తడి జుట్టుతో టవల్ ఈడ్చుకుంటూ నా దగ్గరకి వచ్చింది. ఆట కాదు, ఏమీ కాదు. తల తుడవాలి. నా చెయ్యి వెళ్ళి, జుట్టుకి కాస్త పైన, ఆగిపోయింది.

నేను ఆపలేదు. అదే ఆగింది.

పాప అప్పటికే తల వంచేసింది, నవ్వుతూ. నేను నా చేతినే చూస్తూ ఉండిపోయాను. నేర్చుకో నేర్చుకో అని ఇన్ని రోజులు వెంటపడితే నేర్చుకుంది. కానీ ఎవరి తల ముట్టుకోవచ్చో, ఎవరిది కూడదో దానికి చెప్పడం మర్చిపోయాను. "అమ్మా, తుడువు" అని పాప టవల్ నా చేతిలో పెట్టింది. టవల్ జుట్టు మీద కప్పి, దాని పైనుంచే తుడిచాను.

ఆ రోజే వెళ్ళి మానేస్తానని చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ గదిలోకి వెళ్ళగానే మేడం నా పాఠం చూసి మొదటిసారి తలూపారు, చేతులు బాగున్నాయని ఇంగ్లీషులో మెచ్చుకున్నారు. ఆ మెప్పు నాకు అంత తీయగా ఉంటుందనుకోలేదు.

డెమో రోజు స్కూలు వెనక కాలనీలోంచి పిల్లల్ని పిలిపించారు. గవర్నమెంటు బడిలో చదివే చిన్నపిల్లలు, కొందరు ఇంకా బడికే వెళ్ళనివాళ్ళు. పాఠం అయ్యాక బిస్కెట్ ప్యాకెట్లు ఇస్తామంటే ఉత్సాహంగా వచ్చారు. మేడం వెనక బెంచీలో పెన్ను పట్టుకుని కూర్చున్నారు. మాచర్ల అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి నాకు ధైర్యం చెబుతున్నట్టు కళ్ళెగరేసింది.

బుట్టలోంచి ప్లాస్టిక్ పండ్లు తీసి మొదలుపెట్టాను. బాగా వచ్చింది. గొంతు వణకలేదు. చేతులు అరచేతులు తెరుచుకుని ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. పిల్లలు నవ్వారు, అరిచారు, ఒకరి చేతిలోంచి ఒకరు పండ్లు లాక్కున్నారు. ముందు వరుస చివర పసుప్పచ్చ గౌను వేసుకున్న ఒక పిల్ల మాత్రం మామిడిపండు తీసుకుని ఎవరికీ ఇవ్వలేదు. చెంపకి ఆనించుకుని కూర్చుంది. ఓ చెంప మీంచి తీసి ఇంకో చెంపకి ఆనించుకుంది.

మొదట, పండు నచ్చింది కాబోలు అనుకున్నాను. తర్వాత కళ్ళు చూశాను. మెరుస్తున్నాయి, రెప్పలు మాత్రం బరువుగా వాలుతున్నాయి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ చల్లగా ఉంటుంది. అందుకే పెట్టుకుంటోంది.

నాకు తెలిసిపోయింది. వేరేవాళ్ళకి తెలియకపోవచ్చు. నాకు తెలిసింది. చెయ్యి లేచింది కూడా. అప్పుడు ఆ పిల్ల తల మీదుగా వెనక బెంచీలో మేడం పెన్ను కనిపించింది. చెయ్యి దిగిపోయింది.

వంగి, మంచి ఇంగ్లీషులో, నవ్వుమొహంతో, "ఆర్ యూ ఓకే?" అని అడిగాను.

"ఎస్ టీచర్" అన్నారు పిల్లలందరూ గొంతు కలిపి. ఆ పిల్ల కూడా అంది.

నేను అరటిపండు చేతిలోకి తీసుకున్నాను.

పాఠం అయిపోయింది. మేడం లేచి చప్పట్లు కొట్టారు. పాస్ అన్నారు. మాచర్ల అమ్మాయి బిస్కెట్లు పంచడం మొదలుపెట్టింది. నేను గోడకి ఆనుకుని నిలబడి, అమ్మయ్య అనుకోబోతున్నాను. పసుప్పచ్చ గౌను పిల్ల ప్యాకెట్ అందుకోలేదు. బెంచీ మీద తల వాల్చేసింది. మాచర్ల అమ్మాయి భుజం తట్టి లేపబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మో, ఈ పిల్ల కాలిపోతంది!"

నేను పరిగెత్తేలోపే ఆ పిల్ల వాంతి చేసుకుంది. మెట్ల దగ్గర నిలబడ్డ తల్లి లోపలికొచ్చింది. "పొద్దున కూసింత ఎచ్చగుండెనమ్మా. వద్దంటే ఇనలా, బిస్కెట్లిస్తారని వచ్చింది" అంటూ ఎత్తుకుంది. నేను చెప్పులు వేసుకున్నానో లేదో తెలియదు. వాళ్ళతోపాటు ఆటో ఎక్కాను. దారి పొడుగునా ఆ పిల్ల నుదుటి మీద నా చెయ్యి ఉంది. కళ్ళు తేలేస్తుందేమోనని రెప్పల వైపే చూస్తూ కూర్చున్నాను. చేతులు కొట్టుకుంటాయేమోనని వేళ్ళు పట్టుకున్నాను. ఏమీ కాలేదు. క్లినిక్‌లో సిరప్ వేశారు, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచారు. కాసేపటికి ఆ పిల్ల లేచి కూర్చుని బిస్కెట్లేవని అడిగింది. నేను ఏడుస్తున్నాను.

"నువ్వెందుకమ్మా ఏడుస్తావు? జరమేగా?" అంది ఆ తల్లి, నా భుజం మీద చెయ్యేసి.

తిరిగి స్కూలుకి వచ్చేసరికి మేడం ఒక్కరే ఉన్నారు. మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నేను నిలబడే చెప్పాను, నేను వెళ్ళనని. చూసి కూడా ముట్టుకోలేదని. మీరు వద్దన్నారు కాబట్టి ముట్టుకోలేదని. ఆ ఆఖరి మాటలో కాస్త నిష్ఠూరం ఉంది, దాచలేదు.

ఆవిడ తెలుగులోకి దిగారు. "తల ముట్టొద్దన్న. పిల్లను చూడొద్దన్ననా?"

నేను ఆవిడ కింది మెట్టు మీద కూర్చున్నాను.

"ఎస్ అనేటట్టు అడగొద్దని రోజూ చెప్పిన గద. నువ్వు గదే అడిగినవ్. నీకు తెల్సు జరముందని. తెల్సి కూడ అడిగినవ్, ఎందుకు? ఎస్ అంటది, ఇడిసిపెట్టి ముందుకు పోవచ్చని."

నిజమే. ఆ ఒక్క మాటా నిజమే.

"నేను గూడ అక్కడ పిల్లల జరాలు చూసిన" అన్నారు. "పక్కన కూసుంట. చెయ్యి చాపుత. వాళ్ళే తమ చెయ్యి తెచ్చి నా చేతిల పెడ్తరు. చేతిల తెల్వదా వేడి? పాఠం ఆపితె నేనేం నిన్ను తప్పిస్తుంటినా? నువ్వు పిల్లను చూస్తలేవు, నా పెన్నును చూస్తున్నవ్. గంత భయం మంచిది కాదమ్మా." లేచి నిలబడి, "పొద్దుగాల చెప్పు, వస్తవో రావో. రాకుంటె నాకేం కోపం లేదు" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య చాట ముందేసుకుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. పాప లోపల నిద్రపోతోంది. రాగానే వెళ్ళి నుదురు చూశాను. చల్లగా ఉంది. వచ్చి అత్తయ్య పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాను. చేత్తో ముట్టుకోకుండా పిల్లల్ని చూసే బతుకు నాకొద్దు, నేను వెళ్ళను అన్నాను.

ఆవిడ చిక్కుడుకాయ తుంచుతూనే, "చేత్తో ముట్టుకోపోతే జరం తెలవదంటే, నీ మొగుడు బతికేవాడే కాదు" అన్నారు.

"అదేంది?"

"కోతల కాలమంతా చేతులు మిరపకాయల్లోనే గదంటే ఉండేది. ఎన్నిసార్లు కడుగు, ఎంత మజ్జిగ పొయ్యి, ఘాటు పోద్దా? ఆ చేత్తో బిడ్డ మొహం ముట్టుకుంటే కళ్ళు మండి ఊపిరాగేదాకా ఏడుస్తాడు. ఒకసారి తెలవక ముట్టుకుని మా అత్త చేత తిట్లు తిన్నా. ఆ మీదట ఎత్తుకున్నా, పాలిచ్చినా, జరం చూసినా అంతా దీంతోనే." చెయ్యి చాపి మోచేతి లోపలి మడత చూపించారు. ఒళ్ళంతా ఎండకి నల్లబడినా అక్కడ మాత్రం చర్మం పలచగా, తెల్లగా ఉంది. "చేలోకొచ్చే ఆడోళ్ళందరికీ ఇక్కడే తెలుస్తది."

"మరి మొన్న చెప్పలేదే?"

"నువ్వడగలా. చెయ్యి పెట్టు, చెయ్యి పెట్టు అన్నావు. పెడితే నాకేం తెలుస్తది? ఈ చేత్తో పెనం మీద రొట్టె తిప్పుతా నేను."

నాకు నవ్వు వచ్చింది. "ఎప్పుడూ తప్పలేదా అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ చేతులు ఆగాయి. "ఎందుకు తప్పలా? నీ ఆడబిడ్డకి ఒకసారి తెలవలా నాకు. కోత వొత్తిడిలో ఉండి సరిగా చూడలా. చానా మీదికొచ్చింది. పిడుగురాళ్ళ తీసుకుపోయి బతికించుకున్నాం." మళ్ళీ కాయ తీసుకుని తుంచారు. "నాకు భయం లేదనుకుంటన్నావా? నువ్వు పోతే నాకు నిద్ర పట్టుద్దనుకుంటన్నావా? పట్టదు. పట్టకపోతే లేచి చూస్తా. అంతకంటే ఏం జేస్తాం?"

ఆ 'అంతకంటే ఏం జేస్తాం' అన్నది విని నాకు ధైర్యమేమీ రాలేదు. కానీ నేను మోస్తున్నదాన్ని ఇంకొకరు కూడా మోస్తున్నారని తెలిసింది. ఇన్ని రోజులూ నా ఒక్కదాని దగ్గరే ఉందనుకున్నాను.

పాప లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చింది. నా దగ్గరికి వస్తుందని చేతులు చాచాను. అది నేరుగా నానమ్మ దగ్గరకి వెళ్ళి, ఫ్రాకు పైకెత్తి, పొట్ట ముందుకి పెట్టి నిలబడింది. రోజూ నేను లేనప్పుడు నిద్ర లేవగానే చేసే పని కాబోలు, అంత అలవాటుగా చేసింది. అత్తయ్య మోచెయ్యి ఆనించారు.

"ఏం లేదు పో. బుడంకాయలాగున్నావు."

తర్వాత నా దగ్గరకి వచ్చి, ఆటలో లాగా తల వంచింది. నా చెయ్యి లేచి మళ్ళీ గాల్లో ఆగింది. ఈసారి దాన్ని నేను తిట్టుకోలేదు. మోచెయ్యి మడిచి పాప పొట్టకి ఆనించాను. పాప గిలిగింతలకి మెలికలు తిరిగి, నా మోచేతిని తోసేసింది.

"నీకు రాదు. నానమ్మకే వచ్చు."

అత్తయ్య పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, నేను లేకపోయినా దీనికి జరిగిపోతుంది కదా అనిపించింది. ఇన్ని రోజులూ జరగదనే కదా భయపడ్డాను. జరుగుతుందని తెలిసినప్పుడు కూడా అంతే భయమేసింది, కాకపోతే ఈసారి నా గురించి.

పొద్దున్న మేడంకి వస్తానని మెసేజ్ పెట్టాను. మాచర్ల అమ్మాయి ఫోన్ చేసి, విమానంలో కిటికీ సీటు తనదేనని ముందే చెప్పింది. "నువ్వెట్టాగూ కళ్ళు మూసుకునే ఉంటావు గదక్కా" అంది.

ఇది రాస్తున్నప్పుడు పాప నా పక్కనే పడుకుని ఉంది. వెళ్ళేలోపు నేర్చుకుందామని రోజూ చూస్తున్నాను. ఇందాక మోచెయ్యి పొట్టకి ఆనించి చూశాను. మెత్తగా ఉండటం తెలిసింది, ఊపిరి తీసుకోవడం తెలిసింది. వేడి ఎంతో తెలియలేదు. అరచెయ్యి నుదుటి మీద పెట్టాను. చల్లగానే ఉంది. అరచెయ్యి చెప్పింది గుర్తు పెట్టుకుని మళ్ళీ మోచెయ్యి ఆనించాను, ఇదీ చల్లగా ఉండటమంటే అని దానికి చెబుతున్నట్టు. దానికింకా తెలియడం లేదు.